1.2 మి.మీ. అల్యూమినియం ఫ్లోర్ మీద సీటు నిలుస్తుందా?

మీ ప్రశ్న ఇదీ: బ్రిటన్‌లో ఇంట్లో సెవెన్ తరహా కిట్ కార్ (లోటస్ సెవెన్‌ని పోలిన చిన్న రెండు సీట్ల కారు, విడిభాగాలు తెచ్చి సొంతంగా కూర్చేది) కడుతున్నారు. ఛాసీ, అంటే కారు చట్రం, 25 మి.మీ. చదరపు ట్యూబులతో వెల్డ్ చేసింది, గోడ మందం 1.6 మి.మీ. దాని అడుగున 1.2 మి.మీ. అల్యూమినియం రేకు రివెట్లతో బిగించి ఉంది. ఫైబర్‌గ్లాస్ బకెట్ సీట్లు, మార్కెట్లో దొరికే మామూలు రన్నర్లు (సీటుని ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు) కొన్నారు. ఒక్కో సీటుకి నాలుగు ఎం8 (8 మి.మీ.) బోల్ట్‌లు, రేకు కింద పెద్ద వాషర్లు వేస్తే చాలా, లేక రివెట్ నట్లు (రేకు బెజ్జంలోనే నొక్కి బిగించే మర గొట్టాలు) వాడాలా, హార్నెస్ (భుజాలనీ నడుమునీ పట్టే బెల్టు) కింది పట్టీలను సీటుకే కట్టొచ్చా అన్నారు. వచ్చే నెల ఐవీఏ పరీక్ష (ఇలా కట్టిన కారుని రోడ్డెక్కించే ముందు చేసే ప్రభుత్వ తనిఖీ) ఉంది.

మూడింటికీ జవాబు వద్దనే. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. కారణం తెలియకుండా వాషర్ మారిస్తే తప్పు ఇంకో రూపంలో మళ్లీ వస్తుంది.

సీటుకి అసలు పరీక్ష ముందు నుంచి గుద్దినప్పుడు రాదు. హార్నెస్ ఛాసీకి కట్టి ఉంటే ముందు దెబ్బలో మనిషిని పట్టుకునేది పట్టీలే. సీటు తన సొంత బరువును మాత్రం ఆపుకుంటే సరిపోతుంది. సీటు, రన్నర్లు కలిపి 8 కిలోలనుకుందాం. యూఎన్ (ఐక్యరాజ్యసమితి) వాహన నిబంధనల్లో 17వది సీటు బిగింపుని 20 జీ దగ్గర, అంటే దాని బరువుకి 20 రెట్ల బలంతో, పరీక్షిస్తుంది. ఆ లెక్కన 1.6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 160 కిలోల లాగుడు. నాలుగు బోల్ట్‌లకి అదేమంత కష్టం కాదు. వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దినప్పుడే కథ మారుతుంది. అప్పుడు పట్టీలకి పనుండదు, మనిషి బరువంతా సీటు వీపు మీద పడుతుంది. 80 కిలోల మనిషి, అదే 20 జీ అనుకుంటే 15.7 కిలోన్యూటన్లు, అంటే 1,600 కిలోలు. ఈ బలం ఫ్లోర్‌కి సుమారు 300 మి.మీ. ఎత్తులో తోస్తుంది. సీటు వెనక్కి తిరగబడాలని చూస్తుంది, వెనక బోల్ట్‌ల దగ్గర ఆనుకుని ముందు బోల్ట్‌లను పైకి పెకిలిస్తుంది. ముందు, వెనక బోల్ట్‌ల మధ్య దూరం కూడా 300 మి.మీ. అయితే ముందు రెండింటి మీద కలిపి మళ్లీ 15.7 కిలోన్యూటన్లే. ఒక్కో బోల్ట్‌కి 7.8 పైన. కాళ్ల బరువు వీపు మీద పడదు కాబట్టి నిజానికి కొంత తక్కువే ఉంటుంది, కానీ బిగింపు లెక్కలో ఆ తగ్గింపుని ఆశించకూడదు.

ఇప్పుడు బోల్ట్ సంగతి. 8.8 గ్రేడ్ (బోల్ట్ ఉక్కు బలాన్ని చెప్పే అంకె) ఎం8 బోల్ట్ తెగడానికి 29 కిలోన్యూటన్లకి పైగా కావాలి. అంటే బోల్ట్ నిక్షేపంగా ఉంటుంది. దాని కింద రేకు? మామూలు ఎం8 వాషర్ వ్యాసం 16 మి.మీ., చుట్టుకొలత 50. 1.2 మి.మీ. మందంతో గుణిస్తే 60 చదరపు మి.మీ. లోహం కోత పడాలి. మధ్యరకం అల్యూమినియం రేకుకి చదరపు మి.మీ.కి 100 న్యూటన్లు వేసుకుంటే 6 కిలోన్యూటన్లకే వాషర్ రేకులోంచి ఊడి పైకి వస్తుంది. మనకి కావాల్సింది 7.8. 25 మి.మీ. పెద్ద వాషర్ వేస్తే కాగితం మీద 9.4 వస్తుంది. కానీ ఆ వాషర్లు ఒకటిన్నర మి.మీ. మందమే ఉంటాయి. బలం పడగానే గిన్నెలా ముడుచుకుని, ఆ గిన్నె అంచుతోనే రేకుని కోస్తాయి. లెక్కలో 25 ఉన్నది పనిలో 16 అయిపోతుంది.

అది కూడా కొత్త రేకు సంగతి. రోజూ ఎక్కి దిగేటప్పుడు సీటు వీపు పట్టుకుని లేస్తాం, మలుపుల్లో పక్కకి ఒరుగుతాం. ప్రతిసారీ రేకు డబ్బా మూతలా లోపలికీ బయటికీ ఆడుతుంది. అల్యూమినియంకి ఈ ఆట పడదు, బెజ్జం అంచున సన్నని పగుళ్లు మొదలవుతాయి. కార్పెట్ కింద ఉంటాయి కాబట్టి ఎవరికీ కనపడవు. కాబట్టి రేకుని నేలగా చూడండి, నీళ్లూ రాళ్లూ లోపలికి రాకుండా ఆపే మూతగా చూడండి. సీటు బరువు మాత్రం ట్యూబులకే చేరాలి.

రివెట్ నట్లు ఇంకా అన్యాయం. వాటికి రేకే పట్టు, కింద ఇంకేమీ లేదు. కొన్నాళ్లకి నట్టు తన గూట్లో తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు బోల్ట్ బిగవదు, ఊడదు, చివరికి గ్రైండర్‌తో తల కోయాల్సి వస్తుంది. వైరింగ్ క్లిప్పులకి, టనెల్ (రెండు సీట్ల మధ్య పొడవునా పోయే గూడు) మూతకి వాడుకోండి. సీటుకి, బెల్టుకి వద్దు.

చేయాల్సింది ఒక్కో సీటు కింద రెండు అడ్డ ట్యూబులు. ఒకటి ముందు బోల్ట్‌ల వరసలో, ఇంకోటి వెనక బోల్ట్‌ల వరసలో. ఒక చివర టనెల్ కింది ట్యూబుకి, రెండో చివర పక్క కింది ట్యూబుకి వెల్డ్ కావాలి. చాలా సెవెన్ తరహా ఛాసీల్లో సీటు ముందు భాగం కింద ఒక అడ్డ ట్యూబు ముందే ఉంటుంది, అది మీ బోల్ట్‌ల వరసలోకి వస్తుందేమో మొదట చూసుకోండి. రాకపోతే సీటుని దాని మీదకి జరపకండి, కొత్త ట్యూబే వేయండి. కొత్తవాటికి 25 మి.మీ. చదరపుదే, కానీ గోడ 3 మి.మీ. ఉన్నది తీసుకోండి. ఒక్కోటి 420 మి.మీ. పొడవనుకుంటే సీటుకి ఒక మీటరు లోపే పడుతుంది. బరువు పెరుగుతుందని బాధపడకండి, రెండూ కలిపి రెండు కిలోలు కూడా ఉండవు.

బోల్ట్ అడ్డ ట్యూబు చివరకి ఎంత దగ్గరగా పడితే అంత మంచిది. చివర నుంచి 50 మి.మీ. దూరంలో ఉన్న బోల్ట్‌తో పోలిస్తే 100 మి.మీ. దూరంలో ఉన్నది ట్యూబుని రెట్టింపుకి దగ్గరగా వంచుతుంది. సీటు అడుగు వెడల్పు తక్కువైతే రన్నర్లు లోపలికి వచ్చేస్తాయి. అలాంటప్పుడు సీటుకి అడుగున కాకుండా పక్కల బిగించే ఎల్ ఆకారపు బ్రాకెట్లు వాడితే బోల్ట్‌లు టనెల్‌కీ పక్క ట్యూబుకీ దగ్గరగా జరుగుతాయి.

ట్యూబుకి నేరుగా బెజ్జం వేసి బోల్ట్ దూర్చి బిగిస్తే ఏమవుతుందో ప్రయత్నించినవాళ్లకి తెలుసు. టార్క్ (తిప్పి బిగించే బలం) పడేకొద్దీ ట్యూబు పైగోడ, కిందిగోడ లోపలికి నొక్కుకుంటాయి, బిగువు నిలబడదు. లోపల స్లీవ్ ఉండాలి. బయట వ్యాసం 12, లోపల 8.5 మి.మీ. ఉండే ఉక్కు స్లీవ్ లేత్ మీద చేయించి, ట్యూబుకి రెండు వైపులా 12 మి.మీ. బెజ్జం వేసి దూర్చి, పైనా కిందా చుట్టూ వెల్డ్ చేసి సాపు చేయాలి. ఇందులో ఒక లోపం ఉంది: 25 మి.మీ. గోడలో 12 మి.మీ. తీసేస్తే సగం పోయినట్టే. వెల్డ్ కొంత తిరిగి ఇస్తుంది, అంతా ఇవ్వదు. అందుకే పై ముఖం మీద 60 మి.మీ. పొడవు, 25 వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న పట్టీ ఒకటి వెల్డ్ చేసి, దానిలోంచి స్లీవ్ రానివ్వండి. ఛాసీలో పాత 1.6 మి.మీ. ట్యూబునే వాడుకుంటుంటే ఈ పట్టీ తప్పనిసరి.

ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 16 మి.మీ. గుండ్రటి మెత్తని ఉక్కు కడ్డీని 25 మి.మీ. ముక్కలుగా కోసి, మధ్యలో 6.8 మి.మీ. బెజ్జం వేసి ఎం8 మర తీసి, అడ్డ ట్యూబుకి ఆ వెడల్పునే బెజ్జం వేసి దూర్చి రెండు వైపులా వెల్డ్ చేయడం. పెద్ద బెజ్జం కాబట్టి దీనికీ పట్టీ కావాలి, 3 మి.మీ. గోడ ట్యూబులోనే చేయాలి. లాభమేమిటంటే సీటు తీయడానికి ఇద్దరు మనుషులు అక్కర్లేదు, కారు కింద పడుకుని నట్టు పట్టుకునేవాడు అవసరం లేదు. నేలకి వంద మి.మీ. ఎత్తులో ఉండే కారులో అడుగున వేలాడే నట్లు స్పీడ్ బ్రేకర్‌కి గీసుకునే గొడవ కూడా పోతుంది. వెల్డ్ అయ్యాక మర మీద ట్యాప్ (మర తీసే పనిముట్టు) మళ్లీ ఒకసారి తిప్పండి, వేడికి మూసుకుపోతుంది. నట్టునే వెల్డ్ చేయాలనుకుంటే వెల్డ్ నట్లే తీసుకోండి. నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నది) వెల్డ్ చేస్తే ఆ నైలాన్ కాలిపోతుంది. జింక్ పూత ఉన్నదాని నుంచి వచ్చే పొగ ఊపిరితిత్తులకి విషం.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు విప్పండి. అల్యూమినియం రేకుని ఆ భాగంలో రివెట్లు తీసి పక్కన పెట్టాలి. టనెల్‌లోనూ దాని కింది మూలలోనూ బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు, బ్యాటరీ తీగ పోతుంటాయి. డ్రిల్ కొన ట్యూబు దాటి ఎక్కడికి వెళుతుందో ముందు చేత్తో తడిమి చూడండి.

ఇప్పటికే పెయింట్ అయిపోయి, వెల్డింగ్ ఎంతమాత్రం కుదరదంటే రెండో దారి ఉంది, కానీ అది రెండో దారే. ఒక్కో బోల్ట్ కింద ప్లేటు. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సమాఖ్య ఎఫ్‌ఐఏ అనుబంధం జే, 253వ అధికరణలో సీటు బిగింపుకి పెట్టిన కనీసాలు ఇక్కడ పనికొస్తాయి: సీటుకి కనీసం నాలుగు చోట్ల, 8 మి.మీ. బోల్ట్‌లు, ఒక్కో చోట తాకే వైశాల్యం 40 చ.సెం.మీ., ప్లేటు ఉక్కుదైతే 3 మి.మీ., తేలికపాటి మిశ్రమ లోహమైతే 5 మి.మీ. 65 మి.మీ. చదరపు ముక్క కోస్తే 42 చ.సెం.మీ. వస్తుంది. అయితే ఆ నిబంధన రాసింది ఉక్కు బాడీ ఉన్న కార్లని దృష్టిలో పెట్టుకుని. రివెట్ల మీద వేలాడే అల్యూమినియం రేకుకి ప్లేటు ఎంత పెద్దదైనా రివెట్ల వరస ఊడిపోతే ప్లేటుతో సహా పైకి వస్తుంది. కాబట్టి విడివిడి ప్లేట్లు వద్దు. 40 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న ఉక్కు పట్టీని రేకు అడుగున అడ్డంగా, రెండు చివరలా ఛాసీ ట్యూబుల కిందకి కనీసం 20 మి.మీ. వెళ్లేలా వేయండి. సీటు పైకి లాగితే పట్టీ వెళ్లి ట్యూబులకే ఆనుకుంటుంది, రేకుకి పని తగ్గుతుంది. మూలలు గుండ్రంగా అరగదీయండి. పదునైన మూలే మొదట రేకుని చీలుస్తుంది. ఉక్కుకీ అల్యూమినియంకీ మధ్య తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. పట్టీకి జింక్ ప్రైమర్, పెయింట్ వేసి పాలీయురెథేన్ సీలెంట్ పలచగా రాసి బిగించండి. స్టెయిన్‌లెస్ పట్టీ తుప్పు పట్టదని సంబరపడి వేస్తే అది బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న అల్యూమినియంని తినేస్తుంది.

బోల్ట్‌లు కూడా అంతే. తల మీద 8.8 అని గుర్తున్న జింక్ పూత బోల్ట్‌లు కొనండి. గుర్తు లేని బోల్ట్ ఏ గ్రేడో కొట్టువాడికీ తెలియదు. ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్ట్ అందంగా ఉంటుంది గానీ, అది సాగడం మొదలుపెట్టేది చదరపు మి.మీ.కి 450 న్యూటన్ల దగ్గరే. 8.8 గ్రేడ్ 640 దాకా తట్టుకుంటుంది. పైగా స్టెయిన్‌లెస్ బోల్ట్‌కి స్టెయిన్‌లెస్ నైలాక్ తొందరగా తిప్పితే మరలు ఒకదానికొకటి పట్టేసుకుని బిగుసుకుపోతాయి. గుండ్రటి తల అలెన్ బోల్ట్‌లు కూడా వద్దు. వాటి తల పలచన, అదే సైజు షట్కోణ బోల్ట్‌కి ఉన్నంత లాగుడు మొయ్యలేవు. పొడి మర మీద ఎం8కి 25 న్యూటన్ మీటర్లు, ఎం10 వాడితే 48. మరకి నూనె రాసి అదే టార్క్ వేస్తే బోల్ట్ ఎక్కువ సాగుతుంది, కాబట్టి పొడిగానే ఉంచండి. మర తీసిన కడ్డీలోకి వెళ్లే బోల్ట్‌కి నైలాక్ ఉండదు కాబట్టి మధ్యరకం మర జిగురు ఒక చుక్క వేయండి.

పౌడర్ కోటింగ్ గురించి చాలామంది మర్చిపోతారు. అది సన్నని ప్లాస్టిక్ పొర. బోల్ట్ కింద నలిగి మెల్లగా పక్కకి జారుతుంది. మొదటి రోజు 25 వేసినది నెలకి ఎంత మిగిలిందో చెప్పలేం. వాషర్ కూర్చునే చోట, బ్రాకెట్ ఆనే చోట పౌడర్ గీకేసి పలచగా ప్రైమర్ మాత్రం ఉంచండి.

ఇక సీటు వైపు. ఫైబర్‌గ్లాస్ సీటుకి అడుగున ఎక్కడపడితే అక్కడ బెజ్జం వేసి బోల్ట్ దూర్చితే అదీ పౌడర్ కోటింగ్‌లాగే మెల్లగా నలిగి వదులవుతుంది. తయారీదారు లోపల పొదిగిన ఎం8 మరలు ఉంటే వాటినే వాడండి. అక్కడ బోల్ట్ పొడవు చాలా కీలకం. ముందు ఒక సన్నని తీగ దూర్చి మర లోతు కొలవండి. బ్రాకెట్ మందం, వాషర్ మందం పోగా కనీసం 8 మి.మీ. మరలోకి వెళ్లాలి. అడుక్కి మాత్రం తగలకూడదు. తగిలితే బోల్ట్ బిగిసినట్టే అనిపిస్తుంది, నిజానికి అది లోపలి ముక్కని సీటు నుంచి ఊడబెరుకుతూ ఉంటుంది. ఇలా పాడైన సీటు బయటికి ఏమీ కనపడదు. మరలు లేని సీటైతే, అది రోడ్డు మీద వాడే రకమే అయితే, లోపల 5 మి.మీ. అల్యూమినియం పట్టీలు ముందు నుంచి వెనక దాకా వేసి, ఫైబర్ మందం ఎంత ఉందో అంత పొడవు ఉక్కు స్లీవ్‌లు బెజ్జాల్లో పెట్టండి, అప్పుడు బోల్ట్ బిగువు లోహం మీదే పడుతుంది.

సీటు ముందు వైపు ఎత్తాలంటే వాషర్ల గుట్ట పేర్చకండి. 20 మి.మీ. దాకా మందపాటి ఉక్కు గొట్టం ముక్క, అంతకు మించితే బాక్స్ సెక్షన్ (చదరపు ఉక్కు గొట్టం). పొడవాటి స్పేసర్ మీద నిలబడ్డ బోల్ట్ పక్క తోపుకి వంగుతుంది. చెక్క దిమ్మ వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, ఏటా బిగువు పోతుంది.

రన్నర్లలో రెండు రకాలు: ఒక వైపే తాళం పడేవి, రెండు వైపులా పడేవి. రెండోవే కావాలి. ఒక వైపే తాళం ఉన్నది దెబ్బకి తాళం లేని వైపు ముందుకి జారి సీటు మెలికపడుతుంది. రెండు తాళాలనీ కలిపే తీగ వదులుగా ఉంటే ఒక వైపు సగమే పడి ఉంటుంది. బిగించాక సీటుని తాళం పడే ప్రతి గాటులోనూ ఆపి, రెండు పక్కలా వేలితో తాళం నొక్కి చూడండి. కారు మీరొక్కరే నడిపేదైతే రన్నర్లు మొత్తం తీసేయమనే నా సలహా. 30-40 మి.మీ. ఎత్తు కలిసొస్తుంది, సెవెన్‌లో అది తల రోల్ హూప్ (కారు బోల్తా పడితే తలని కాపాడే ఉక్కు కమాను) కిందకి వస్తుందా రాదా అన్నది తేల్చే ఎత్తు. పక్క బ్రాకెట్లలో 25 మి.మీ. ఎడంతో మూడు జతల బెజ్జాలు పెట్టుకుంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పక్క సీటుకి రన్నర్ ఎలాగూ అక్కర్లేదు.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని, చాలామంది చివర చేసేది: కూర్చుని కొలుచుకోవడం. నడిపేటప్పుడు వేసుకునే బూట్లు, హెల్మెట్‌తో కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచుకి తగలాలి. హెల్మెట్ పైన రోల్ హూప్ కనీసం 50 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఆ తర్వాతే గుర్తులు పెట్టి డ్రిల్ పట్టుకోండి.

హార్నెస్‌ని సీటుకి గానీ రన్నర్‌కి గానీ కట్టకండి. యూఎన్ 14వ నిబంధనలో మూడు బిందువుల బెల్టుని పరీక్షించేటప్పుడు ఛాతీ పట్టీని 13.5, నడుం పట్టీని ఇంకో 13.5 కిలోన్యూటన్లతో ఒకేసారి లాగుతారు. కలిపి 27. కంపెనీ కార్లలో బకిల్ సీటుకే ఉంటుందిగా అంటారు. నిజమే, అక్కడ సీటు, రన్నర్, ఫ్లోర్ మూడింటినీ కలిపి ఆ బలానికి పరీక్షిస్తారు. మీరు కొన్న రన్నర్ని ఎవరూ అలా లాగలేదు. కింది పట్టీలకి ఛాసీ మూల ట్యూబుల మీద వెల్డ్ చేసిన 7/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ మర బుష్‌లు ఉండాలి. అంగుళానికి 20 మరలు, దాన్లోకి 12 మి.మీ. మెట్రిక్ బోల్ట్ దూర్చకండి. రెండు కింది బిందువుల మధ్య దూరం 350 మి.మీ.కి తగ్గకూడదు. పట్టీ తుంటి ఎముక మీదుగా కిందికి వెళ్లాలి, పొట్ట మీదకి ఎక్కకూడదు. నేలతో 45 నుంచి 75 డిగ్రీల కోణంలో ఉంటే మంచిది. భుజం పట్టీలు భుజం నుంచి వెనక్కి దాదాపు సమాంతరంగా, 10 డిగ్రీల లోపు దిగాలి. నేల మీదకి కడితే దెబ్బకి పట్టీ భుజాలని కిందికి నొక్కి వెన్నుపూసల్ని చితగ్గొడుతుంది. అందుకే రోల్ హూప్‌కి అడ్డంగా ఒక ట్యూబు వేసి అక్కడ కడతారు. రన్నర్ ఉంచుకుంటే సీటు ముందు చివర, వెనక చివర రెండు చోట్లా ఈ కోణాలు చూసుకోండి.

ఐవీఏ పరీక్ష చేసేది డీవీఎస్‌ఏ అనే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ. ఈ పరీక్ష 2009లో పాత ఎస్‌వీఏ పరీక్ష స్థానంలో వచ్చింది. పరీక్షకుడు మీ కారుని విప్పడు, కనిపించేదాన్ని బట్టే నిర్ణయిస్తాడు. కాబట్టి వెల్డ్ చేసిన అడ్డ ట్యూబులని రేకు మూసే ముందు ఫొటోలు తీసి, కొలతబద్ద పక్కన పెట్టి, దగ్గర ఉంచుకోండి. బోల్ట్ తలల గ్రేడ్ గుర్తులు కనపడేలా ఉంచండి. లోపల పైకి వచ్చిన మర కొనలకి ప్లాస్టిక్ టోపీలు తొడగండి.

బిగించాక ఒక చిన్న పరీక్ష. సీటు వీపు పై అంచుకి పట్టీ కట్టి, సామాన్లు తూచే స్ప్రింగ్ త్రాసుతో వెనక్కి 50 కిలోలు లాగండి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు బ్రాకెట్ పాదం దగ్గర వేలు పెట్టి చూడాలి. వీపు కొంచెం వంగడం సహజం, పాదం కదలకూడదు, రేకు డబ్బాలా మోగకూడదు. ఇది ప్రమాదానికి నిలుస్తుందని రుజువు చేయదు, మీ పని తప్పిందని మాత్రం చెప్పగలదు. ప్రతి బోల్ట్ తల మీద నుంచి బ్రాకెట్ మీదకి పెయింట్ గీత ఒకటి గీయండి. 100 మైళ్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి, ఆ తర్వాత ఏటా ఎంవోటీకి (బ్రిటన్‌లో వాహనాల వార్షిక తనిఖీకి) ముందు. అదే బోల్ట్ రెండోసారి వదులైతే మళ్లీ బిగించి ఊరుకోకండి, కింద ఏదో నలుగుతోంది. విప్పి చూడండి.

ఇండియాలో ఇంజనీరింగ్ కాలేజీ పోటీలకి బగ్గీలు కట్టే పిల్లలు ఇది చదువుతుంటే: లెక్క ఇదే, ఇండియా వాహన ప్రమాణాల్లో బెల్టు బిందువులకి ఏఐఎస్-015, సీటు బలానికి ఏఐఎస్-016 చూడండి. హార్డ్‌వేర్ కొట్టులో హైటెన్సిల్ అని అడిగితే సరిపోదు, తల మీద 8.8 చూసే తీసుకోండి.